ముందే చెప్పాల్సిన మాటలు



పిల్లలు ఇప్పుడే వద్దనుకునే ఆడవాళ్లకు మాత్రలున్నాయి, ఇంజెక్షన్లున్నాయి అని మీరు చాలాసార్లే విని ఉంటారు. ఆసుపత్రి గోడల మీద చదివారు, ఆశా కార్యకర్త చెప్పగా విన్నారు. అవి వాడడం మొదలుపెట్టాక ఒంట్లో ఏమవుతుందో మాత్రం ఎవరూ అంత వివరంగా చెప్పరు. వికారం ఎందుకు వస్తుంది? నెల మధ్యలో మరకలు ఎందుకు కనపడతాయి? ముట్టు ఆగిపోతే ఆ నెత్తురంతా ఎక్కడికి పోతుంది? తలనొప్పి వస్తే ఓర్చుకోవాలా, ఆసుపత్రికి పరుగెత్తాలా? ఈ ప్రశ్నలు పట్టుకుని కొందరు డాక్టర్లమైన మా దగ్గరికి వస్తారు. చాలామంది అసలు రారు. మాత్రల అట్టను బీరువాలో చీరల కింద పెట్టేసి ఊరుకుంటారు. మళ్లీ వచ్చేది నెల తప్పాకే. ఈ పూట నేను ఆ రాని వాళ్లతో మాట్లాడదామని వచ్చాను.

అసలు సంగతి ముందుగా చెప్పేస్తాను. ఈ మందులకు సైడ్ ఎఫెక్టులు ఉన్నాయి. 'ఏమీ కాదమ్మా, వేసేసుకో' అని అట్ట చేతిలో పెట్టేవాళ్లు మంచి మనసుతోనే ఆ మాట అంటారు. కానీ ఆ ఒక్క మాట చేసే నష్టం చాలా ఎక్కువ. ఏమీ కాదని చెప్పించుకుని ఇంటికి వెళ్లిన మనిషికి పదో రోజున లంగాకి మరక కనపడితే ఏమనుకుంటుంది? ఈ మందు నా ఒంటికి పడలేదనుకుంటుంది. లోపల ఏదో పాడైందనుకుంటుంది. అడిగితే తిడతారేమోనని అడగదు. పక్కింటావిడకు మాత్రం చెబుతుంది. ఆ వీధిలో ఇంకెవరూ ఆ మాత్ర జోలికి పోరు. అదే మరక సంగతి ముందుగానే చెప్పి ఉంటే, 'ఆ, డాక్టరమ్మ చెప్పిందిదే' అనుకుని పదకొండో రోజు మాత్ర కూడా వేసుకునేది. చైనాలోనూ మెక్సికోలోనూ ఇంజెక్షన్ తీసుకునే ఆడవాళ్ల మీద చేసిన అధ్యయనాల్లో ఇదే తేలింది. నెలసరిలో వచ్చే మార్పులను ముందే విడమరిచి చెప్పినచోట మధ్యలో మానేసినవాళ్లు చాలా తక్కువ.

మన రెండు రాష్ట్రాల సంగతి చూడండి. 2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, పెళ్లయిన ఆడవాళ్లలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 70 శాతం, తెలంగాణలో 60 శాతం పైచిలుకు. మాత్రలు వాడేవాళ్ల వాటా చాలా స్వల్పం. పెళ్లి, వెంటవెంటనే ఇద్దరు పిల్లలు, చాలామందికి పాతికేళ్లు నిండీ నిండకముందే ఆపరేషన్. కాన్పుకీ కాన్పుకీ ఎడం పెట్టుకునే పద్ధతులు మన ఇళ్లలో అలవాటు కాలేదు. దానికి కారణాలు చాలా ఉన్నాయి. నా కళ్లెదుట రోజూ కనపడే కారణం మాత్రం ఒకటే. మొదటి నెలలో వచ్చిన ఇబ్బందిని ఎవరూ పట్టించుకోకపోవడం.

ఇప్పుడు మాలా-ఎన్ అట్టను చేతిలోకి తీసుకుందాం. ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా ఇచ్చేది ఇదే. దుకాణంలో తక్కువ ధరకు అమ్మే మాలా-డిలో ఉన్న మందు కూడా ఇదే. మొత్తం 28 మాత్రలు. 21 తెల్లవి, 7 నల్లవి. తెల్లదాంట్లో రెండు హార్మోన్లుంటాయి. లెవోనార్‌జెస్ట్రెల్ 0.15 మిల్లీగ్రాములు, ఇథినైల్ ఈస్ట్రడయోల్ 0.03 మిల్లీగ్రాములు. మన అండాశయాలు నెలనెలా తయారుచేసే హార్మోన్ల మాదిరిగానే ఇవి పనిచేస్తాయి. ఇవి రోజూ అందుతున్నంతకాలం అండం విడుదల కాదు. నల్లవాటిలో హార్మోన్ ఉండదు, ఇనుము ఉంటుంది. అవి వేసుకునే వారంలోనే నెలసరి వస్తుంది.

చిక్కంతా ఆ నల్ల మాత్రల దగ్గరే వస్తుంది. వాటివల్ల మలం నల్లగా వస్తుంది. కొందరికి మలబద్ధకం అవుతుంది. అది చూసి భయపడి కొందరు పారేస్తారు. ముట్టు వచ్చింది కదా, ఇంక ఎందుకని కొందరు ఆపేస్తారు. ఆపినందువల్ల ముప్పేమీ లేదు, వాటిలో ఉన్నది ఇనుమే కాబట్టి. ముప్పు వచ్చేది ఆ తర్వాత. రోజుల లెక్క తప్పిపోయి కొత్త అట్ట ఆలస్యంగా మొదలుపెడతారు. తెల్ల మాత్రల మధ్య ఎడం 7 రోజులు దాటిందంటే అండం విడుదలయ్యే ప్రమాదం ఎక్కువ. నల్లవి వేసుకున్నా, మానినా, ఎనిమిదో రోజున కొత్త అట్టలోని తెల్ల మాత్ర పడాల్సిందే. ముట్టు ఇంకా ఆగకపోయినా సరే. మన ఆడవాళ్లలో సగం మందికి పైగా రక్తహీనత ఉందని ఆ కుటుంబ ఆరోగ్య సర్వేయే చెబుతోంది. అందుకని నల్లవాటిని కూడా వదలొద్దంటాను.

మొదటి మూడు నెలల్లో కడుపులో తిప్పడం, రొమ్ములు బరువెక్కి నొప్పి పుట్టడం, కాస్త తలనొప్పి, మధ్యలో మరకలు చాలామందికి వస్తాయి. ఒళ్లు కొత్త హార్మోన్‌కు అలవాటు పడే కాలమది. వికారం ఉన్నవాళ్లు మాత్రను పరగడుపున వేసుకోకండి. రాత్రి అన్నం తిన్నాక, పడుకోబోయే ముందు వేసుకోండి. ఆ తిప్పేదేదో నిద్రలో తిప్పేసి పోతుంది. మాత్ర వేసుకున్న రెండు గంటల్లోపు వాంతి అయితే అది ఒంటికి పట్టనట్టే, ఇంకొకటి వేసుకోవాలి. రొమ్ముల నొప్పికి ఒంటికి సరిగ్గా అమరిన బ్రా వేసుకుంటే చాలా మటుకు తగ్గుతుంది.

మరకల సంగతి కొంచెం నిదానంగా చెప్పాలి. గర్భసంచి లోపలి పొర ప్రతి నెలా మందంగా పెరిగి, రాలిపోతుంది. అదే ముట్టు. మాత్ర వేసుకునేవాళ్లలో ఆ పొర పలచగా ఉంటుంది. పలచని పొర మొదట్లో నిలకడగా ఉండక, అక్కడక్కడ ఊడి కొద్దికొద్దిగా కనపడుతుంది. దాంట్లో ప్రమాదం లేదు. మాత్రను రోజుకొక వేళప్పుడు వేసుకునేవాళ్లకు ఇది ఎక్కువ. రాత్రి వార్తలయ్యాకో, పాలు తోడు పెట్టాకో, ఏదో ఒక పనికి జతచేసి రోజూ అదే వేళకు వేసుకోండి. ఇంకో మాట. మరక కనపడగానే మాత్ర ఆపేస్తే మరక ఎక్కువవుతుంది, తగ్గదు. మూడు నెలలు దాటినా అలాగే ఉంటే అప్పుడు ఊరుకోకూడదు, వచ్చి చూపించుకోవాలి. ఇన్ఫెక్షన్ ఉందేమో, గర్భసంచి ముఖద్వారం దగ్గర పుండు ఏదైనా ఉందేమో చూస్తాం.

ఒకరోజు మాత్ర మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకుని, ఆ రోజుది మామూలు వేళకే వేసుకోండి. వరుసగా రెండో, అంతకన్నా ఎక్కువో మరిచిపోతే, ఒకటి వెంటనే వేసుకుని మిగతావి రోజుకొకటి చొప్పున కొనసాగించండి, 7 రోజుల పాటు నిరోధ్ కూడా వాడండి. మరిచిపోయింది మూడో వారం తెల్ల మాత్రలనైతే, ఈసారికి నల్లవి మానేసి నేరుగా కొత్త అట్ట మొదలుపెట్టండి.

కొందరికి బుగ్గల మీద మంగు వస్తుంది. గర్భంతో ఉన్నప్పుడు వచ్చిన వాళ్లకే ఈ మాత్రతోనూ వచ్చే అవకాశం ఎక్కువ. ఎండలో పని చేసేవాళ్లకు అది ముదురుతుంది. కొంగు ముఖానికి అడ్డం వేసుకోవడం మంచిదే, కానీ మంగు మీద మనసు మరీ పీకుతుంటే పద్ధతి మార్చుకోవచ్చు. 'అందానికేముంది, పిల్లలు పుట్టకపోతే చాలదా' అని ఆమెను చిన్నబుచ్చే హక్కు నాకూ లేదు, మీ అత్తగారికీ లేదు. ఒళ్లు పెరుగుతుందన్న భయం చాలామందికి ఉంటుంది. ఈ మాత్రల విషయంలో అధ్యయనాలు దాన్ని బలపరచలేదు. ఇంజెక్షన్ సంగతి వేరు, దాని దగ్గరికి వస్తాను.

ఇప్పుడు ఓర్చుకోకూడని వాటి సంగతి. ఈస్ట్రోజెన్ ఉన్న మాత్ర వాడేవాళ్లలో రక్తనాళాల్లో నెత్తురు గడ్డకట్టే ప్రమాదం కొంచెం పెరుగుతుంది. అది ఎంతో కూడా చెప్పాలి, లేకపోతే భయమే మిగులుతుంది. మాత్ర వాడని, గర్భం లేని పదివేల మంది ఆడవాళ్లను తీసుకుంటే ఏడాదికి ఒకరి నుంచి అయిదుగురికి ఇలా గడ్డకడుతుంది. మాత్ర వాడేవాళ్లలో ముగ్గురి నుంచి తొమ్మిది మందికి. గర్భిణుల్లో 5 నుంచి 20 మందికి. కాన్పయిన కొత్తలో అదే లెక్కన 40 నుంచి 65 మందికి. మాత్ర వల్ల పెరిగే ముప్పు నిజమే, కానీ కోరని గర్భం తెచ్చే ముప్పు దానికంటే పెద్దది.

ఒక కాలి పిక్క వాచి, తాకితే ఓర్చుకోలేనంత నొప్పి ఉన్నా, గుండెలో పోటు వచ్చినా, ఊపిరి అందకపోయినా, ఎన్నడూ లేనంత తలనొప్పి వచ్చినా, చూపు మసకబారినా, మాట తడబడినా, కడుపులో భరించలేని నొప్పి వచ్చినా మాత్ర ఆపి అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. 'మాత్రలు వాడుతున్నాను' అన్న మాట అక్కడి డాక్టరుకు మీరే చెప్పండి. చాలా ఇళ్లలో ఈ సంగతి భర్తకు తప్ప ఇంకెవరికీ తెలియదు. తోడొచ్చిన మరిది ముందు చెప్పడానికి సిగ్గుపడి దాచేస్తారు. దాచొద్దు.

అసలు ఈ మాత్ర ఎవరికి ఇవ్వకూడదో కూడా తెలుసుకోండి. బీపీ ఎక్కువ ఉన్నవాళ్లకు, తలనొప్పి రాబోయే ముందు కళ్లెదుట మెరుపులు, వంకర గీతలు కనపడేవాళ్లకు, ఇదివరకు గడ్డకట్టిన జబ్బు వచ్చినవాళ్లకు, కామెర్లతో ఉన్నవాళ్లకు, బిడ్డకు ఆరు నెలలు నిండేదాకా పాలిచ్చే తల్లులకు ఇది వద్దు. 35 ఏళ్లు దాటి పొగ తాగేవాళ్లకు వద్దు. ఈ పొగ ప్రశ్న దగ్గర మా సిబ్బంది తరచూ పొరపడతారు. ఆడవాళ్లు పొగ తాగుతారా అని అడగకుండానే 'లేదు' అని రాసేస్తారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల్లో అడ్డపొగ తాగే ఆడవాళ్లు ఉన్నారు. నిప్పు కొసను నోటి లోపల పెట్టుకుని చుట్ట కాలుస్తారు. ఆ ఇళ్లలో అదొక చెప్పుకోదగ్గ అలవాటని కూడా అనుకోరు. మీకు ఆ అలవాటుంటే అడక్కపోయినా చెప్పండి.

క్షయకు మందులు వాడుతున్నవాళ్లు కూడా తప్పకుండా చెప్పాలి. మూత్రం ఎర్రగా వచ్చేలా చేసే రిఫాంపిసిన్ ఈ మాత్ర బలాన్ని తగ్గించేస్తుంది. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, కార్బమజపైన్ కూడా అంతే. అలాంటివాళ్లకు నేను తర్వాత చెప్పబోయే అంతర ఇంజెక్షనో, కాపర్-టీనో నయం.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్తాను. ఈ సైడ్ ఎఫెక్టులను చెప్పకపోవడం అన్నది మన దగ్గర మొదలైంది కాదు. 1956లో ప్యూర్టో రికో దీవిలో, రియో పియెద్రాస్ అనే చోట పేద ఆడవాళ్ల మీద మొట్టమొదటి గర్భనిరోధక మాత్రను పెద్ద ఎత్తున పరీక్షించారు. అక్కడ పని చూసిన డాక్టర్ ఎడ్రిస్ రైస్-రే, మాత్ర గర్భాన్ని ఆపుతోందని రాస్తూనే, నూటికి 17 మందికి వికారం, కళ్లు తిరగడం, తలనొప్పి, వాంతులు వస్తున్నాయనీ, ఇన్ని బాధలున్న మందు అందరికీ పనికిరాదనీ రాసింది. పరిశోధన నడిపిన గ్రెగరీ పింకస్ దాన్ని పట్టించుకోలేదు. అదంతా ఆ ఆడవాళ్ల మనసులో పుట్టిన బాధ అనుకున్నాడు. 1960లో అమెరికాలో ఎనోవిడ్ పేరుతో ఆ మాత్రకు గర్భనిరోధకంగా అనుమతి వచ్చింది. ఇవాళ్టి మాలా-ఎన్‌లో ఉన్న ఈస్ట్రోజెన్, తూకంలో చూస్తే, అప్పటి మాత్రలో ఉన్నదాంట్లో అయిదో వంతు. అంటే ఆ ఆడవాళ్లు పడిన బాధ మనసులో పుట్టింది కాదు, మోతాదులోంచి పుట్టింది. బార్బరా సీమన్ అనే పత్రికా రచయిత్రి 1969లో దీని మీద పుస్తకం రాసింది. 1970లో అమెరికా సెనేట్ విచారణ జరిపితే, సాక్ష్యం చెప్పడానికి మాత్ర వాడిన ఆడవాళ్లను ఎందుకు పిలవలేదని యువతులు సభలోనే లేచి నిలదీశారు. ఆ తర్వాతే మాత్ర డబ్బాలో దుష్ఫలితాలు రాసిన కాగితం పెట్టాలన్న నియమం వచ్చింది.

మన దగ్గర 1985లో పటాన్‌చెరులో జరిగింది కూడా మరిచిపోకూడదు. అప్పటికది మెదక్ జిల్లా. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే ఇంజెక్షన్ ఇస్తామని ఆడవాళ్లను పిలిచారు. హైదరాబాద్‌లోని స్త్రీ శక్తి సంఘటన సభ్యులు వెళ్లి ఆరా తీస్తే, అది ఇంకా పరీక్షల దశలో ఉన్న మందని, దానికి దుష్ఫలితాలున్నాయని ఆ వచ్చినవాళ్లకు తెలియనే తెలియదని బయటపడింది. 1986లో ఈ సంగతి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. నేను డాక్టరుగా ఇంజెక్షన్ ఇచ్చే పక్షాన ఉన్నదాన్ని. అయినా ఆ రోజు ఆ సంఘం అడిగిన ప్రశ్న ధర్మమైనదనే నమ్ముతాను. చెప్పకుండా పొడిచే సూది ఎంత మంచిదైనా అన్యాయమే.

2017లో మన ప్రభుత్వం 'అంతర' పేరుతో మూడు నెలల ఇంజెక్షన్‌ను ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. ఇది వేరే మందు, పేరు డీఎంపీఏ. కండకు వేస్తే 150 మిల్లీగ్రాములు. ఈస్ట్రోజెన్ లేదు కాబట్టి కాన్పయిన ఆరు వారాల తర్వాత పాలిచ్చే తల్లి కూడా తీసుకోవచ్చు. వేయించుకున్నచోట రుద్దకూడదు, కాపడం పెట్టకూడదు, అలా చేస్తే మందు త్వరగా కరిగిపోతుంది. ఇంట్లో ఎవరికీ కనపడని పద్ధతి ఇది. చాలామంది ఇష్టపడేది అందుకే. దీని ఇబ్బందంతా ముట్టు దగ్గరే. మొదటి నెలల్లో ఎప్పుడుబడితే అప్పుడు కనపడడం, కొందరికి రోజుల తరబడి కనపడడం, తర్వాత్తర్వాత పూర్తిగా ఆగిపోవడం. ఏడాది వాడినవాళ్లలో దాదాపు సగం మందికి ముట్టు రాదు.

ఈ ముట్టు రాకపోవడమే మన ఆడవాళ్లను అన్నిటికంటే ఎక్కువ కలవరపెడుతుంది. ఒకమ్మాయి నా ఎదురుగా కూచుని చీర కొంగు వేలికి చుట్టుకుంటూ అడిగింది. 'అమ్మా, రెండు నెల్లయి ముట్టు లేదు. లోపల చెడు నెత్తురు పేరుకుపోతన్నాదేమో. మా అత్త ఒళ్లంతా విషం ఎక్కుతాదంటంది.' నేనన్నాను: 'మీకు పొలం ఉందా అమ్మా?' 'ఉంది, అర ఎకరం.' 'పంట వేయని ఏడు కోత ఉంటుందా?' 'కోతెలాగుంటాది?' 'ఇదీ అంతే. ఆ పొర పెరిగితేనే రాలేది. సూది దాన్ని పెరగనివ్వడం లేదు. లోపల పేరుకునేదేమీ లేదు.' ఆమె కాసేపు ఆలోచించి, 'ఈ మాట మా అత్తకి కూడా చెప్తారేటి?' అంది. అత్తగారు బయట బెంచీ మీదే ఉంది. పిలిచి చెప్పాను. ఇంజెక్షన్ కొనసాగించింది అత్తగారు ఒప్పుకున్నందుకే. కోడలికి అభ్యంతరం లేనప్పుడు, ఇలాంటి విషయాల్లో ఇంటి పెద్దావిడతో మాట్లాడకుండా ఆమెకొక్కదానికే బోధించి పంపడం సగం పనే అవుతుంది.

రోజుల తరబడి కనపడేవాళ్లకు చేయగలిగింది ఉంది. మెఫెనమిక్ యాసిడ్ వంటి మాత్ర అయిదు రోజులు ఇస్తే తాత్కాలికంగా తగ్గుతుంది. ఆగకపోతే కొద్ది రోజులు ఈస్ట్రోజెన్ ఉన్న మాత్ర ఇచ్చి చూస్తాం. ఇవి మెడికల్ షాపులో అడిగి కొనుక్కునేవి కావు, చూపించుకుని తీసుకోండి. హిమోగ్లోబిన్ కూడా ఓసారి చూపించుకోండి. మరో మాట గట్టిగా చెబుతున్నాను. గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు దేశం మొత్తం మీద ఎక్కువగా ఉన్నది మన రెండు రాష్ట్రాల్లోనేనని నాలుగో కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఇంజెక్షన్ వల్ల నాలుగు రోజులు ఎక్కువ కనపడిందని వెళితే, 'గర్భసంచి పాడైంది, తీసేస్తే పీడా పోతుంది' అనేవాళ్లు ఎదురైతే, అక్కడినుంచి లేచి వచ్చేయండి. ఇంజెక్షన్ ఆపితే సర్దుకునే దానికి కోత అక్కర్లేదు.

బరువు సంగతి. ఈ ఇంజెక్షన్‌తో సగటున ఏడాదికి ఒకటి రెండు కిలోలు పెరుగుతారు. కొందరు అసలు పెరగరు, కొందరు బాగా పెరుగుతారు. మొదటి ఆరు నెలల్లోనే ఎక్కువ పెరిగినవాళ్లు ఆ తర్వాత కూడా పెరుగుతూనే ఉంటారు, వాళ్లు పద్ధతి మార్చుకోవడమే మంచిది. ఎముకల్లో సున్నం కొంత తగ్గుతుంది, ఆపాక చాలావరకు తిరిగొస్తుంది. పాలు, పెరుగు, రాగి జావ, చిన్న చేపలు, ఎండలో కాస్త నడక అందరికీ కావలసినవే, వీళ్లకు ఇంకొంచెం. ఇక పిల్లలు కావాలనుకునేవాళ్లు తెలుసుకోవలసిన మాట. ఇంజెక్షన్ ఆపిన మర్నాడే గర్భం రాదు. చివరి సూది తర్వాత ఏడు నుంచి పది నెలలు పట్టడం మామూలు. గొడ్రాలిని చేసేస్తుందన్న పుకారు పుట్టింది ఇక్కడే. ఆలస్యమవుతుంది, పోదు. వచ్చే సంక్రాంతికి బిడ్డ కావాలనుకునే కొత్త కోడలికి నేను ఈ ఇంజెక్షన్ ఇవ్వను.

మనసు సంగతి ఎవరూ అడగరు. విసుగు, ఏడుపు రావడం, ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం, భర్త దగ్గరికొస్తే చిరాకు. హార్మోన్ మందులు వాడే కొందరిలో ఇవి నిజంగానే వస్తాయి. డెన్మార్క్‌లో పది లక్షల మందికి పైగా ఆడవాళ్ల రికార్డులు చూసి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, ఇవి వాడేవాళ్లు దిగులుకు మందులు మొదలుపెట్టడం కాస్త ఎక్కువగా ఉందని తేలింది. పదిహేను, ఇరవై ఏళ్ల మధ్య అమ్మాయిల్లో మరీ. అందరికీ వస్తుందని కాదు. వచ్చినవాళ్లతో 'అంతా నీ భ్రమ' అనకూడదని. దిగులు మొదలైంది మాత్ర మొదలైన నెలలోనేనా అని వెనక్కి తిరిగి చూసుకోండి. అవునంటే అదే మాకు పెద్ద ఆధారం. చచ్చిపోవాలనిపించేంత దిగులుంటే అపాయింట్‌మెంట్ కోసం చూడకండి, ఆ రోజే ఎవరినైనా తోడు తీసుకుని రండి.

రెండు మాత్రల గురించి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే వీటిని డాక్టరుతో పనిలేకుండానే వాడేస్తున్నారు. ఒకటి, వ్రతానికో, గృహప్రవేశానికో, తిరుమల ప్రయాణానికో అడ్డమొస్తుందని ముట్టును వాయిదా వేసే నోరెథిస్టెరాన్ మాత్ర. అలా నాలుగు రోజులు వేసుకుంటే గర్భం రాకుండా కాపాడుతుందనుకోకండి. రోజుకు మూడు చొప్పున వేసుకునే ఆ మోతాదులో కొంత భాగం ఒంట్లో ఈస్ట్రోజెన్‌గా మారుతుంది. కాబట్టి మాలా-ఎన్ పడనివాళ్లకు ఇది కూడా పడదు. పెళ్లిళ్ల సీజనులో నెలకొకసారి వేసుకునేవాళ్లను చూస్తున్నాను, అది మానాలి. రెండోది 72 గంటల్లోపు వేసుకునే అత్యవసర మాత్ర. దాంట్లో ఉన్న లెవోనార్‌జెస్ట్రెల్ ఒక తెల్ల మాలా-ఎన్ మాత్రలో ఉన్నదానికి పది రెట్లు, 1.5 మిల్లీగ్రాములు. అవసరానికి మంచి మందే. పదేపదే వాడితే నెలసరి లెక్క చెదిరిపోయి, నెల తప్పిందో లేదో తెలియక ప్రతిసారీ భయపడాల్సి వస్తుంది. దానికంటే రోజువారీ పద్ధతి ఒకటి ఎంచుకోవడం మేలు.

ఇంత విన్నాక హార్మోన్లే వద్దనిపిస్తే, అదీ సరైన నిర్ణయమే. 'ఛాయ' అనే మాత్ర ఉంది. లక్నోలోని సెంట్రల్ డ్రగ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో మన శాస్త్రవేత్తలు కనిపెట్టిన మందు, హార్మోన్ కాదు. మొదటి మూడు నెలలు వారానికి రెండు, ఆ తర్వాత వారానికి ఒకటి. పాలిచ్చే తల్లులు వాడొచ్చు. ముట్టు ఆలస్యంగా రావడం దీని ముఖ్యమైన ఇబ్బంది. కాపర్-టీలోనూ హార్మోన్ లేదు, మొదటి నెలల్లో ముట్టు ఎక్కువగా, నొప్పిగా ఉండొచ్చు. నిరోధ్ ఉంది. మగవాళ్లకు కోత, కుట్టు లేని వేసెక్టమీ ఉంది, ఆడవాళ్ల ఆపరేషన్ కంటే చిన్నది. ఈ మాట వింటున్న మగవాళ్లకు చెబుతున్నాను. మీ ఆవిడ మాత్ర వేసుకుని వికారంతో పడుకున్న రాత్రి పొయ్యి దగ్గరికి మీరు వెళ్లండి. అది ఆమె ఒక్కదాని కోసం మింగుతున్న మాత్ర కాదు.

ఇప్పుడు ఈ పద్ధతులు వాడుతున్నవాళ్లు ఈ రోజు నుంచే ఒక పని చేయండి. పాల లెక్క, గ్యాసు వచ్చిన తేదీ రాసుకునే గోడ క్యాలెండరు మీ ఇంట్లో ఉంటుంది కదా. మరక కనపడిన రోజు పక్కన ఒక చుక్క పెట్టండి. బాగా ఎక్కువైన రోజు రెండు చుక్కలు. తలనొప్పి వచ్చిన రోజు అడ్డగీత, మాత్ర మరిచిన రోజు సున్నా. చదువు రాకపోయినా పెట్టగలిగిన గుర్తులే. మూడు నెలలయ్యాక ఆ కాగితాలు చించి, అంతర కార్డుతోనో, మాత్రల అట్టతోనో కలిపి పట్టుకురండి. ఆ చుక్కలు చూస్తే ఏది తగ్గుతోందో, ఏది ముదురుతోందో మాకు తెలిసిపోతుంది. కొనసాగించాలో, మార్చాలో ఇద్దరం కూచుని తేల్చుకుందాం. మధ్యలో నెల తప్పిందన్న అనుమానం వస్తే ఆశా కార్యకర్త దగ్గర నిశ్చయ్ కిట్ ఉంటుంది, ఇంట్లోనే చూసుకోవచ్చు. ఇంజెక్షన్ తేదీ దాటిపోతే నాలుగు వారాల దాకా ఇంకా తీసుకోవచ్చు, ఆలస్యమైందని సిగ్గుపడి ఆగిపోకండి. వచ్చినప్పుడు ఎవరైనా కసిరితే, అడిగే హక్కు మీకుందని చెప్పి, సమాధానం వచ్చేదాకా ఆ కుర్చీలోంచి లేవకండి.